మా అమ్మాయిని మూడో సంవత్సరానికి పంపరట!

ప్రశ్న: మేము అమెరికాలోని కొలంబస్‌లో ఉంటాం. మా పెద్దమ్మాయి పక్క రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో మ్యూజికల్ థియేటర్‌లో (పాట, నటన, నృత్యం కలిసిన నాటకం) బి.ఎఫ్.ఏ. అనే లలిత కళల డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఇక్కడే పుట్టింది. తొమ్మిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది, హైస్కూల్లో వేసిన ప్రతి నాటకంలోనూ ఉంది. డిసెంబరు సెలవులకు వచ్చినప్పుడు ముభావంగా ఉంది. తిరిగి వెళ్లాక ఆమె బల్ల సొరుగులో ఒక లేఖ కనిపించింది. ఆమెను ‘ప్రొబేషన్’లో, అంటే షరతు మీద పరిశీలనలో, పెట్టారట. ఏప్రిల్ చివర్లో జరిగే సమీక్షలో మెరుగుదల కనిపించకపోతే మూడో సంవత్సరానికి కొనసాగించరట. విభాగానికి ఫోన్ చేస్తే మీతో మాట్లాడే వీలు లేదన్నారు. చేర్చేటప్పుడు రిటెన్షన్ తొంభై శాతం పైనే అని వెబ్‌సైట్‌లో చూసి ధైర్యంగా చేర్చాం. అది అబద్ధమా? మా వారు ఇప్పుడే మాన్పించి కంప్యూటర్ సైన్స్‌లో చేర్పిద్దాం అంటున్నారు. సమీక్ష రోజు నేను అక్కడికి వెళ్లాలా? — ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

ముందు ఆ తొంభై శాతం సంగతి తేల్చుకుందాం. మీరు చూసింది అబద్ధం కాదు. కాకపోతే మీ భయానికీ ఆ అంకెకూ సంబంధం లేదు.

విశ్వవిద్యాలయాలు అమెరికా ప్రభుత్వానికి పంపే ‘రిటెన్షన్’ లెక్క చాలా చిన్నది. తొలిసారి కాలేజీలో చేరి పూర్తికాలం చదువుతున్నవారిలో ఎంతమంది మరుసటి ఏడాది అదే విశ్వవిద్యాలయానికి తిరిగి వచ్చారు? అంతే. ఏ కోర్సుకు వచ్చారన్నది అందులో ఉండదు. మ్యూజికల్ థియేటర్ నుంచి తీసేసిన పిల్ల అదే ఆవరణలో సైకాలజీలో చేరితే విశ్వవిద్యాలయం లెక్కలో ఆ పిల్ల నిలిచినట్టే. గుమ్మం దాటనంతవరకు ఏ గదిలో కూర్చున్నా ఇంట్లో ఉన్నట్టే కదా. పైగా ఆ లెక్క మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి వచ్చినవారిది. మీ అమ్మాయి ఆ గండం ఎప్పుడో దాటింది. పట్టా పొందినవారి శాతం కూడా అలాంటిదే. నాలుగేళ్ల డిగ్రీకి ఆరేళ్ల గడువు ఇచ్చి, అదీ విశ్వవిద్యాలయం మొత్తానికి కలిపి లెక్కేస్తారు.

మీకు కావలసింది విభాగం లెక్క. ఫలానా ఏడాది మ్యూజికల్ థియేటర్‌లో ఎంతమంది చేరారు, వాళ్లలోనే ఎంతమంది నాలుగో ఏడాది చివర, నటులకు అవకాశాలు చూపించే ఏజెంట్ల ముందు జరిగే ప్రదర్శనలో నిలబడ్డారు? వెబ్‌సైట్‌లో అది కనిపించడం అరుదు. అడిగి తెలుసుకోవాలి. ఈ సమాధానం చదువుతున్నవారిలో పిల్లలను ఆడిషన్లకు తిప్పుతున్న తల్లిదండ్రులు ఉంటే వాళ్లకు ఒక మాట: ఆ ప్రశ్న అధ్యాపకులను అడగండి, ఆ తర్వాత తలుపు దగ్గర పేర్లు పిలుస్తూ నిలబడి ఉండే నాలుగో ఏడాది విద్యార్థిని కూడా అడగండి. రెండు జవాబులు కలిస్తే సంతోషం. వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారన్నది కూడా అడగాలి. పర్యటించే నాటక బృందంలో ఉద్యోగం దొరికి వెళ్లినవాళ్లు, డబ్బు చాలక వెళ్లినవాళ్లు, మనసు మార్చుకున్నవాళ్లు కూడా ఆ లెక్కలో కలిసిపోయి ఉంటారు.

ఇక ‘ప్రొబేషన్’ సంగతి. నేను ఇరవై ఏళ్లు ఒక విశ్వవిద్యాలయపు నాటక విభాగంలో విద్యార్థుల సలహాదారుగా పనిచేశాను. ఇలాంటి సమీక్షల్లో ఒక మూల కూర్చుని నోట్సు రాసుకోవడం నా పని. కాబట్టి ఆ గది లోపల ఏం జరుగుతుందో చెప్పగలను.

వెనకటి రోజుల్లో నిజంగానే ‘కోత’ ఉండేది. న్యూయార్క్‌లోని జూలియర్డ్ కళాశాల నాటక విభాగంలో రెండో ఏడాది చివర, షికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయపు నటన కోర్సులో మొదటి ఏడాది చివర కొందరిని ఏరి పంపేసేవారు. తర్వాత రెండు చోట్లా మానేశారు. ఇప్పుడు చాలా విభాగాలు ‘మా దగ్గర కోత లేదు’ అని గర్వంగా చెప్పుకుంటాయి. ఆ మాటను జాగ్రత్తగా వినాలి. ఇంతమందిని తీసేయాలి అన్న సంఖ్య ముందే పెట్టుకోలేదని మాత్రమే దాని అర్థం. ప్రతి సెమిస్టరూ చూస్తాం, మా ప్రమాణానికి రాకపోతే ఆపుతాం అన్న నిబంధన చాలా చోట్ల అలాగే ఉంది. కోత పోయింది, వడపోత ఉంది.

ఈ రెండింటినీ నేను ఒకే గాటన కట్టను. సగం మందికే చోటుందని తెలిసి కూడా అందరి దగ్గరా ఏడాది ఫీజు తీసుకుని, తర్వాత సగం మందిని పంపేయడం నా దృష్టిలో అన్యాయం. అప్పటికి ఆ పిల్లలకు పందొమ్మిదేళ్లు నిండీ నిండకుండా ఉంటాయి. ప్రమాణం పెట్టి, అది ముందే రాసి చూపించి, అందుకోవడానికి గడువిచ్చి పరీక్షించడం వేరు. బి.ఎఫ్.ఏ. అంటే వృత్తి శిక్షణ. కోర్సులో దాదాపు మూడింట రెండు వంతులు గాత్రం, నటన, నృత్యం, వాటి చుట్టూ ఉన్న చదువే. గాత్రం ఒక్కొక్కరికీ విడిగా నేర్పాలి. ఏడాదికి వేసే నాటకాలు కొన్నే. ఒక జంట నృత్యంలో ఒకరు వెనకబడితే రెండోవారికి దెబ్బ తగులుతుంది. కాబట్టి సమీక్ష వద్దని నేను అనలేను. కానీ దాన్ని రెండో ఏడాది చివరిదాకా ఆపడం నాకు నచ్చదు. చెప్పేదేదో మొదటి ఏడాది చివరే చెబితే పిల్లలకు చేతిలో మూడేళ్లు మిగులుతాయి.

ఇలాంటప్పుడు నాకు మన సురభి నాటక కుటుంబాలు గుర్తొస్తాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ సమాజాల్లో రంగస్థలమే ఇల్లు. పాట రాని పిల్లవాడు తెర లాగడమో, దీపాలు చూడటమో, హార్మోనియం పట్టడమో నేర్చుకునేవాడు. ‘నువ్వు పనికిరావు’ అని బయటికి పంపడానికి వాళ్లకు వేరే వాకిలి లేదు. వాళ్లు ఫీజు తీసుకుని డిగ్రీ ఇచ్చేవాళ్లు కారు కాబట్టి పోలిక పూర్తిగా కుదరదనుకోండి. అయినా అమెరికా విభాగాల్లో కూడా రంగస్థల నిర్వహణ, వెలుతురు, దుస్తుల రూపకల్పన కోర్సులు ఆ గోడ అవతలే ఉంటాయి. తీసేసేముందు ఆ తలుపు చూపించే సలహాదారు ఉంటే ఆ పిల్లల అదృష్టం.

మీ అమ్మాయికి వచ్చిన లేఖలో ఏం రాసి ఉందో మీరు నాకు చెప్పలేదు. అసలు విషయం అక్కడ ఉంది. అలాంటి లేఖలో ‘మెరుగుపడాలి’ అన్న ఒక్క మాటే ఉండదు, ఏ అంశాల్లో అన్నది ఉంటుంది, ఉండాలి. నేను చూసినంతలో గొంతు బాగా లేదని ప్రొబేషన్‌లో పడినవాళ్లు తక్కువ. స్టూడియో తరగతులకు, అంటే పాట, నటన, నృత్యం చేయించే తరగతులకు గైర్హాజరు, ఆలస్యం, సంగీత సిద్ధాంతంలో తక్కువ గ్రేడు, నృత్యంలో స్థాయి పెరగకపోవడం, రిహార్సల్‌కు పాఠం రాకుండా రావడం, ఇవే ఎక్కువ. చాలా చోట్ల మూడు, నాలుగు తరగతులు పోతే గ్రేడు ఒక మెట్టు దిగుతుంది. పొద్దున్నే జరిగే బ్యాలే తరగతికి నాలుగుసార్లు నిద్రలేవలేకపోయిన అమ్మాయి ఇంటికి వెళ్లి ‘నాకు ప్రతిభ లేదన్నారు’ అని ఏడవడం నేను ఎరుగుదును. వాళ్లు అన్నది అది కాదు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లల విషయంలో ఇంకో సంగతి గమనించాను. ఒక అమ్మాయి సమీక్ష నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. పొడవాటి గది, ఒక చివర బల్ల వెనక ఐదుగురు అధ్యాపకులు, ఒక్కొక్కరి ముందు ఒక్కో ఫారం. పియానో దగ్గరికి వెళ్లి తన ఫైలు తెరిచి, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో పెన్సిలు గీతలు చూపించింది. నేల మీద అంటించిన టేపు గుర్తు మీద నిలబడి పేరు, పాట పేరు చెప్పింది. ముప్ఫై రెండు లయఖండాలు, నిమిషం పైచిలుకు. శ్రుతి ఎక్కడా తప్పలేదు. కానీ కళ్లు మూసుకుంది. ఎడమ చేయి తొడ మీద మెల్లగా తాళం వేస్తూనే ఉంది. ఆ పాటలో ఆమె ఊరు విడిచి వెళ్లిపోతున్న మనిషి. ‘ఎడమ చేయి ఈ కథలో లేదు’ అని ఒక అధ్యాపకురాలు ఫారం మీద రాశారు. మరొకరు ‘స్వరం నిలకడగా లేదు’ అని రాశారు. నిలకడ లేక కాదు, అది గమకం, స్వరాన్ని కావాలని ఊపి పలకడం. తొమ్మిదేళ్లు సాధన చేసి పట్టుకున్న గుణం అక్కడ దోషంగా కనిపించింది.

మన ఆడపిల్లలు ఐదు, ఐదున్నర శ్రుతిలో ఎక్కువగా ఛాతీ గొంతుతోనే, అంటే మాట్లాడే గొంతుతోనే పాడతారు. ఈ నాటకాల్లో ఛాతీ గొంతునూ, పై స్వరాలకు వాడే సన్నటి తల గొంతునూ కలిపి పై స్థాయిలో పలికించాలి. దీన్ని ‘మిక్స్’ అంటారు. అది రావడానికి సమయం పడుతుంది, బలవంతపెడితే గొంతు దెబ్బతింటుంది. ఇక మనది విని నేర్చుకునే చదువు. చూడగానే పాశ్చాత్య సంగీతపు అయిదు గీతల లిపి నుంచి పాడమంటే తడబడతారు. పైన చెప్పిన అమ్మాయి ఆ తరగతిలో దాదాపు తప్పింది. తర్వాత ఒక రోజు ఆమే కనిపెట్టింది: మేజర్ స్కేలు అంటే తనకు తెలిసిన శంకరాభరణమే. లిపిలోని ప్రతి స్వరం కింద పెన్సిలుతో స, రి, గ అని రాసుకోవడం మొదలుపెట్టింది. సెమిస్టరు చివరికి గట్టెక్కింది. తొడ మీద తాళం మాత్రం మానడానికి ఇంకో ఏడాది పట్టింది. మీ అమ్మాయి లేఖలో స్వర నిలకడ, లిపి చదవడం, శరీర భంగిమ వంటి మాటలు ఉంటే, అది ప్రతిభ లోపం అనుకోకండి. ఒక భాష బాగా వచ్చిన మనిషి ఇంకో భాషను ఆ యాసతో మాట్లాడటం అది. గాత్ర అధ్యాపకులకు తన పాత శిక్షణ గురించి ఆమె విడమరచి చెప్పిందో లేదో అడగండి. చాలామంది చెప్పరు.

అడగండి అన్నాను కానీ, అంతకంటే ముందు మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. సొరుగులో లేఖ చూశానని ఆమెకు చెప్పండి. ఇప్పుడు మీకు తెలుసని ఆమెకు తెలియదు. మీరు విభాగానికి ఫోన్ చేశారని మాత్రం రేపో మాపో ఎవరో ఒకరు ఆమెతో అంటారు. అది వేరేవాళ్ల నోట వినకూడదు. ‘నీ సొరుగు తెరవడం నా తప్పు, చదివాను, కంగారుపడ్డాను, ఫోన్ కూడా చేశాను’ అని మీరే చెప్పేయండి. నాన్నగారు ఆ పక్కన కూర్చోకుండా ఉంటే ఇంకా మంచిది.

విభాగంవాళ్లు మీతో మాట్లాడకపోవడం అహంకారం కాదు, చట్టం. 1974లో వచ్చిన ఫెర్పా అనే విద్యార్థి రికార్డుల గోప్యత చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు ఆ విద్యార్థిదే, ఫీజు కట్టేది ఎవరైనా సరే. పన్ను లెక్కల్లో ఆమెను మీ మీద ఆధారపడినవ్యక్తిగా చూపించి ఉంటే విశ్వవిద్యాలయం మీకు వివరాలు ఇవ్వవచ్చు, ఇచ్చి తీరాలని లేదు. ఆమె ఒక సమ్మతి పత్రం మీద సంతకం చేస్తే దారి తెరుచుకుంటుంది. కానీ ఆ సంతకం కోసం పట్టుబట్టవద్దని నా సలహా. తల్లిదండ్రులు మధ్యలోకి వచ్చిన విద్యార్థి గురించి ఆ బల్ల వెనక ఏం గుసగుసలాడుకుంటారో నేను విన్నాను.

ఆమెతో మాట కలిశాక, ఆమె చేత చేయించవలసినవి చెబుతాను. లేఖలోని ఒక్కొక్క అంశానికీ ‘ఏప్రిల్‌లో ఏం చూస్తే సరిపోయింది అనుకుంటారు?’ అని సంబంధిత అధ్యాపకులను నేరుగా అడగాలి. జవాబు నోటిమాటగా వస్తే, గదికి వెళ్లగానే ‘మీరు ఇలా చెప్పారని నాకు అర్థమైంది’ అని ఈమెయిలు పంపాలి. మార్చి మధ్యలో ఒకసారి, సమీక్షకు ముందే, ఎంతవరకు వచ్చానో చూడమని కోరాలి. అడిగినవాళ్లకు చాలామంది అధ్యాపకులు కాదనరు. అడిగేవాళ్లే తక్కువ. ఆమె చేరిన ఏడాది కేటలాగు (కోర్సులు, నిబంధనలు ఉండే విశ్వవిద్యాలయపు పుస్తకం), విద్యార్థి కరదీపిక తీసి కొనసాగింపు నిబంధనలు చదవాలి. సాధారణంగా ఆమెకు వర్తించేది చేరిన ఏటి కేటలాగు. ప్రొబేషన్ ఎన్ని సెమిస్టర్లు, రెండో అవకాశం ఉందా, అప్పీలుకు ఎన్ని రోజుల గడువు అన్నవి అందులో ఉంటాయి.

గొంతు బొంగురు, పై స్థాయి పలకకపోవడం, మోకాలి నొప్పి లాంటివి ఏమైనా ఉన్నాయేమో కూడా కనుక్కోండి. పిల్లలు దాస్తారు, పాత్ర పోతుందన్న భయం. స్వరపేటిక నిపుణుడి దగ్గర పరీక్ష చేయించుకుని, విశ్వవిద్యాలయంలోని వైకల్య సేవల కార్యాలయంలో ముందుగా నమోదు చేసుకుంటే 1973 నాటి పునరావాస చట్టం, 1990 నాటి వికలాంగుల చట్టం కింద కొన్ని సర్దుబాట్లు అడగవచ్చు. ఈ ‘ముందుగా’ అన్న మాట ముఖ్యం. సమీక్ష అయిపోయాక వైద్యుడి చీటీ చూపిస్తే జరిగిపోయినదాన్ని సాధారణంగా తిరగదోడరు.

ఒకవేళ ఏప్రిల్‌లో కాదన్నారే అనుకుందాం. మీ వారు లాయరును చూడాలనుకోవచ్చు. అధ్యాపకుల విద్యాపరమైన నిర్ణయంలో న్యాయస్థానాలు వేలు పెట్టవు. ఇద్దరు వైద్య విద్యార్థుల కేసుల్లో, 1978లో ఒకటి, 1985లో ఒకటి, అమెరికా సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. వైద్యంలోనే అలా అంటే పాట బాగుందా లేదా అన్నదాంట్లో ఏ జడ్జి దూరతారు? అప్పీలు నిలిచేది పద్ధతి తప్పినప్పుడు: రాసిన గడువు ఇవ్వకపోతే, చెప్పని ప్రమాణంతో కొలిస్తే, వివక్ష ఉంటే. అందుకే ఆ ఈమెయిళ్లు పంపమన్నాను, అవి దాచి ఉంచాలి.

ఇప్పుడు మీ వారి ఆలోచన. ఆయన భయం నాకు అర్థమవుతుంది, కానీ ‘ఇప్పుడే మాన్పించడం’ అన్నింటికన్నా ఖరీదైన దారి. సెమిస్టరు మధ్యలో మానేస్తే ఫీజు పెద్దగా వెనక్కి రాదు, ఈ సెమిస్టరు క్రెడిట్లు పోతాయి. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఆర్థిక సహాయం తీసుకుంటుంటే, సెమిస్టరులో 60 శాతం గడవకముందే వదిలిన పక్షంలో అందులో కొంత తిరిగి కట్టవలసి రావచ్చు. అదే ఈ సెమిస్టరు పూర్తి చేస్తే, సమీక్ష ఫలితం ఏదైనా, క్రెడిట్లు ఆమెవే. ఇక కంప్యూటర్ సైన్స్. మూడో ఏడాదిలో గణితం, ప్రోగ్రామింగ్ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ కోర్సులోకి మారడానికి కూడా గ్రేడ్ల వడపోత ఉంది, కొన్నిచోట్ల నాటక విభాగం కంటే కఠినంగా. ఒక గేటు దగ్గర ఆపారని ఇంకో గేటు దగ్గరికి పరుగెత్తినట్టు అవుతుంది. ఆమెకు ఆ చదువు మీద నిజంగా ఇష్టం ఉంటే వేరే మాట. ఉందా?

మీ లేఖలో ఎక్కడా కనిపించని దారి ఒకటి ఉంది. బి.ఎఫ్.ఏ. నుంచి తీసేయడమంటే విశ్వవిద్యాలయం నుంచి తీసేయడం కాదు. అదే చోట థియేటర్‌లో బి.ఏ. ఉంటే, ఇప్పటిదాకా చదివినదాంట్లో చాలా భాగం అక్కడ చెల్లుతుంది, నాలుగేళ్లలోనే పట్టా రావచ్చు. బి.ఏ.లో కళల వాటా తక్కువ కాబట్టి రెండో సబ్జెక్టుకు చోటు దొరుకుతుంది. మీ వారికీ అమ్మాయికీ మధ్య రాజీ కుదిరితే అక్కడే కుదరాలి. ఇంకో విశ్వవిద్యాలయపు బి.ఎఫ్.ఏ.కు మారాలనుకుంటే మాత్రం సాధారణ విద్య క్రెడిట్లు వెంట వస్తాయి కానీ, స్టూడియో తరగతులు తరచుగా మళ్లీ మొదటి ఏడాది నుంచే. దానికీ ఆడిషన్లు చలికాలంలోనే జరుగుతాయి కాబట్టి ఈ ఏడాదికి చాలా చోట్ల ఇప్పటికే ఆలస్యమైంది. ఆమెకు ప్రతిభ ఉపకార వేతనం వస్తుంటే అది బి.ఎఫ్.ఏ.కు కట్టి ఉందా, కోర్సు మారినా ఉంటుందా అన్నది ఈ వారమే చూసుకోండి. బి.ఏ.కు మారాక ఆ డబ్బు ఆగిపోయి చదువే ఆపుకున్న పిల్లలు ఉన్నారు.

మీ అమ్మాయి ఇక్కడే పుట్టింది కాబట్టి వీసా గొడవ లేదు. ఇదే స్థితిలో హెచ్-4 మీద, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసాకు ఆధారపడిన వీసా మీద, ఉన్న పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకు 21 నిండేలోపు వేరే హోదాకు మారవలసిన అవసరం ఉంటుంది. ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారితే కోర్సు మార్పు, క్రెడిట్ల తగ్గుదల ఏదైనా ముందు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో చెప్పాలి, ఆ తర్వాతే మిగతాది. ఆ కుటుంబాలు సమీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే ఒకసారి అక్కడికి వెళ్లి రావడం మంచిది.

చివరి ప్రశ్న, వెళ్లాలా అని. సమీక్ష గదిలోకి తల్లిదండ్రులను రానివ్వరు, బయట కారిడార్‌లో మీరు కూర్చుంటే ఆమెకు పాట మరిచిపోయేంత కంగారు. ఆ రోజు వెళ్లకండి, పొద్దున ఫోన్ కూడా చేయకండి. మే మొదట్లో ఎలాగూ హాస్టలు గది ఖాళీ చేయాలి, సామాను తేవడానికి కారు కావాలి. అప్పుడు మీరొక్కరే వెళ్లండి. అప్పటికి ఫలితం తెలిసి ఉంటుంది. కొలంబస్ వచ్చేదాకా దారి పొడవునా ఆమె ఆ మాట ఎత్తితే వినండి, ఎత్తకపోతే మీరు ఎత్తకండి.